నాయనమ్మ ముఖం, పసుపు, ఎండ: ఇంటి ఫొటోను మొక్కల రంగుతో అచ్చు వేసే పద్ధతి

మా నాయనమ్మ ఒక్కతే ఉన్న ఫొటో మా ఇంట్లో ఒకే ఒకటి ఉంది. అది ఆమె ఓటరు గుర్తింపు కార్డు మీదిది. ఎన్నికల సంఘం 1993లో ఫొటో గుర్తింపు కార్డులు మొదలుపెట్టింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు మా ఊరి బడి వరండాలో దుప్పటి కట్టి, ముందు కుర్చీ వేసి, ఊరందరినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి తీశారు. తపాలా బిళ్ళంత నలుపు తెలుపు బొమ్మ. కొంగు తల మీదుగా కప్పుకొని, కళ్ళు చికిలించి, కెమెరాను కాకుండా దాని వెనక ఉన్న మనిషిని చూస్తున్నట్టు ఉంటుంది. నుదుట ఏమీ లేదు. తాతయ్య పోయేనాటికి ఆమెకు ముప్పై నిండలేదు.

నేను తెనాలిలో పెళ్ళి ఫొటోలు తీస్తాను. ముహూర్తాల రోజుల్లో వారానికి ఇద్దరు ముగ్గురు పెళ్ళికూతుళ్ళకు నలుగు పెడుతుంటే పసుపు పూసే చేతులను దగ్గరగా తీయడం నా పని. నాయనమ్మ దుగ్గిరాల చుట్టుపక్కల పసుపు చేలల్లో బతుకంతా కూలి చేసింది. కొమ్ములు తవ్వింది, ఏరింది, ఉడకబెట్టింది, కళ్ళంలో ఆరబెట్టింది. పనుల రోజుల్లో ఆమె అరచేతుల గీతలు కూడా పచ్చగా ఉండేవి. ఆమెను పేరంటానికి ఎవరూ పిలవలేదు. ఆమె పాదాలకు ఎవరూ పసుపు రాయలేదు. అంత పసుపును లోకానికి అందించిన మనిషికి చిటికెడు పసుపు మీద హక్కు లేకుండా పోయింది. దీన్ని ఫొటోలో ఎలా చెప్పాలో నాకు చాలా ఏళ్ళు తెలియలేదు.

తెలిసినప్పుడు చూస్తే దారి వంటింట్లోనే ఉంది. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. పసుపు రాసిన కాగితం మీద బొమ్మ ఉన్న పారదర్శక షీటు పెట్టి ఎండలో ఉంచితే, వెలుగు తగిలిన చోట రంగు పోతుంది, నీడ పడిన చోట నిలుస్తుంది. అంతే, అచ్చు పడినట్టే. పూలరసాలతో, ఆకుల రసాలతో ఇలా బొమ్మలు వేయవచ్చని ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1842లోనే రాశాడు. దీన్ని ఆంథోటైప్ అంటారు. గ్రీకు భాషలో ఆంథోస్ అంటే పువ్వు.

పదార్థం ఎందుకో ముందు తేల్చుకోండి

పద్ధతి తేలిక. కష్టమంతా ఈ ప్రశ్న దగ్గరే ఉంది: మీ ఫొటోకు పసుపే ఎందుకు? వింతగా కనిపిస్తుందని మాత్రమే అయితే ఫోనులో రంగు మార్చుకుంటే చాలు, మూడు గంటలు ఎండలో కాచుకొని ఉండనవసరం లేదు.

నాకు ఈ ప్రశ్న వేసుకోవడం నేర్పింది కొందరు ఫొటోగ్రాఫర్ల, కళాకారుల పని. బిన్ డాన్ 1977లో వియత్నాంలో పుట్టి, పసితనంలోనే కుటుంబంతో శరణార్థిగా అమెరికా చేరారు. ఆయన వియత్నాం యుద్ధకాలపు ఫొటోలను ఆకుల మీద ఎండతో అచ్చు వేశారు. ఆకులోని పత్రహరితమే అక్కడ సిరా. సైనికుడి ముఖం మీదుగా ఆకు ఈనెలు పోతుంటాయి. ఆ యుద్ధంలో అడవుల మీద విషం చల్లి ఆకులు రాల్చారని గుర్తున్నవాళ్ళకు ఆ ఆకు ఎందుకో వేరే చెప్పాల్సిన పని లేదు. నేను ఆ బొమ్మలను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

కళాకారుడు వివాన్ సుందరం దారి వేరు. ఆయన తాత ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ తన ఇంటివాళ్ళను దశాబ్దాల పాటు ఫొటోలు తీశారు. ఆ ఇంటి ఆడపిల్లల్లో ఒకరు చిత్రకారిణి అమృతా షేర్‌గిల్, మరొకరు వివాన్ తల్లి. 2001, 2002లలో వివాన్ ఆ పాత ఫొటోలను కంప్యూటరులో కలిపి కొత్త ఫొటోలు చేశారు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు ఊళ్ళలో ఉన్న మనుషులు ఒకే గదిలో ఎదురుపడతారు. ఇంటి జ్ఞాపకాలు కూడా అలాగే కలగాపులగంగా ఉంటాయి కదా.

మహారాష్ట్రలో గౌరీ గిల్ తీసిన పొలాల, గుట్టల ఫొటోల మీద వార్లీ ఆదివాసీ చిత్రకారుడు రాజేష్ వంగడ్ తన గీతలతో ఆ ఊరి కథలను నింపారు. కెమెరాకు కనబడనిది ఆ ఊరివాడికి కనబడుతుంది. కళాకారిణి పుష్పమాల 2000 నుంచి 2004 వరకు ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి చేసిన ఫొటోల్లో దక్షిణ భారత స్త్రీల పాత బొమ్మల్లోకి తానే వేషం వేసుకొని దిగారు. రవివర్మ లక్ష్మి నుంచి గళ్ళ తెర ముందు నిలబెట్టి కొలతలు తీసిన వలసపాలన కాలపు ఫొటో వరకు అందులో ఉన్నాయి. ఆ గళ్ళ తెరను చూసినప్పుడు నాకు బడి వరండాలోని దుప్పటి గుర్తుకు వచ్చింది. రెంటి వెనకా ఉన్న ఉద్దేశాలు వేరని తెలుసు. కూర్చున్న మనిషికి మాత్రం తన ఫొటో ఎలా ఉండాలో చెప్పే వీలు రెండు చోట్లా లేదు.

అందుకని ముందు ఒక కాగితం తీసుకొని, ఫొటోలోని మనిషి చేతుల్లో ఏముండేదో రాయండి. బీడీ ఆకు, నేత నూలు, బొగ్గు, కల్లు, చాక్‌పీసు, ఏదైనా కావచ్చు. పసుపుతో మీ ఇంటివాళ్ళకు సంబంధం లేకపోతే బచ్చలి పండ్ల రసంతో, గోంగూర పువ్వుతో, పాలకూర రసంతో ప్రయత్నించండి. వాటికి గంటలు కాదు, రోజులు పడుతుంది. పసుపు వీటన్నిటికన్నా త్వరగా పనిచేస్తుంది కాబట్టి మొదటిసారి చేసేవాళ్ళకు అదే మేలు.

ఇంట్లో అడగండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. నేను మా మేనత్తను అడిగాను. ఆమె ఇప్పటికీ పసుపు పనులకు వెళ్తుంది. "అమ్మకు పసుపేమిటే? పోయినాక కూడా ఆమెను నలుగురి నోళ్ళలో పెడతావా?" అంది. నేను వాదించలేదు. రెండు నెలలు ఆ ఊసే ఎత్తలేదు. తర్వాత ఒకరోజు తనే ఫోను చేసి, "కొట్లో దొరికే పొడితో చేయకు, నేను కొమ్ములు పంపిస్తాను" అంది. ఆ మాట రాకపోయి ఉంటే ఈ అచ్చు వేసేదాన్ని కాదు.

ఫొటోను సిద్ధం చేయడం

చిన్న ఫొటోను ఫోనుతో తీయకండి, స్కానరు వాడండి. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున్న బొమ్మను 1200 డీపీఐతో, అంటే అంగుళానికి 1200 చుక్కలతో స్కాన్ చేస్తే దాదాపు 1180 పిక్సెళ్ళు వస్తాయి. దాన్ని పది సెంటీమీటర్ల వెడల్పుకు పెంచి అచ్చు వేసినా అంగుళానికి 300 చుక్కలు ఉంటాయి, అది చాలు. గుర్తింపు కార్డు అయితే పేరు, నంబరు ఉన్న భాగాన్ని స్కాన్ అవగానే కత్తిరించేయండి. ఆ ఫైలు ఎవరికీ పంపకండి.

పాత ఫొటోలను బాగుచేస్తామనే యాప్‌ల జోలికి పోవద్దని గట్టిగా చెబుతున్నాను. అవి మసకగా ఉన్న చోట కొత్త కనురెప్పలు, కొత్త పెదవులు పుట్టిస్తాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ ఆ కళ్ళు మీ నాయనమ్మవి కావు. మసక ఉంటే ఉండనివ్వండి. కార్డు మడతపడిన చోట మా నాయనమ్మ చెంప మీద ఒక గీత ఉంది. దాన్ని కూడా అలాగే ఉంచాను.

బొమ్మను నలుపు తెలుపు చేసి, వెలుగు నీడల తేడా బాగా పెంచండి. మధ్యలో ఉన్న బూడిద రంగు ఛాయలు పసుపులో సగానికి సగం పోతాయి. తెర మీద కాస్త కఠినంగా కనిపించేంత తేడా ఉంటేనే కాగితం మీద సరిపోతుంది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. మామూలు ఫొటో అచ్చుకు నెగెటివ్ కావాలి. దీనికి పాజిటివ్ కావాలి, అంటే బొమ్మ ఉన్నది ఉన్నట్టుగా. ఎండ రంగును పోగొడుతుంది కాబట్టి, నల్లగా ఉన్న చోటే పసుపు మిగులుతుంది. చీకటి గదిలో పని నేర్చుకున్న అలవాటుతో నేను మొదటిసారి నెగెటివ్ పెట్టాను. మూడు గంటల తర్వాత తీస్తే తల తెల్లగా, ముఖం ముదురుగా వచ్చింది.

పాజిటివ్‌ను జిరాక్స్ షాపులో ఓహెచ్‌పీ షీటు అనే పారదర్శక ప్లాస్టిక్ షీటు మీద ప్రింటు తీయించుకోవచ్చు. ఒక షీటు మీది నలుపు ఎండను పూర్తిగా ఆపదు. ఒకే బొమ్మవి రెండు షీట్లు తీయించి, కిటికీ అద్దానికి ఆనించి, అంచులు కచ్చితంగా కలిపి టేపు వేయండి. తేడా మీకే కనిపిస్తుంది.

పసుపు ద్రవం, కాగితం

పసుపులో రంగునిచ్చే కర్కుమిన్ నీళ్ళలో సరిగా కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ వంద మిల్లీలీటర్లు, పసుపు పొడి రెండు పెద్ద చెంచాలు ఒక గాజు సీసాలో పోసి, మూత పెట్టి, బాగా కుదిపి, కొన్ని గంటలు వదిలేయండి. పొడి అడుగుకు దిగాక పైతేటను పాత నూలు గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. ఎ4 కాగితాలు ఐదారింటికి సరిపోతుంది. స్పిరిట్‌కు నిప్పు ఇట్టే అంటుకుంటుంది కాబట్టి వంటింట్లో పొయ్యి దగ్గర ఈ పని చేయకూడదు. కిటికీలు తెరిచి ఉంచాలి.

పొడి కల్తీలేనిదై ఉండాలి. కృత్రిమ రంగు కలిపిన పొడి అయితే ఎండకు పసుపు వెలిసినా ఆ రంగు మొండిగా నిలిచిపోయి బొమ్మ పడనివ్వదు. కొమ్ములు కొని దంచుకోవడం అన్నిటికన్నా నమ్మకం. అత్తయ్య పంపిన కొమ్ములు రోట్లో వేసి దంచితే ఇల్లంతా కళ్ళం వాసన వచ్చింది.

కాగితం దళసరిగా, నూలు గుజ్జుతో చేసినదై ఉండాలి. నీటిరంగుల కోసం అమ్మే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాగితం నేను వాడతాను. వెడల్పాటి మెత్తని కుంచెతో ఒకసారి అడ్డంగా, అది ఆరాక ఒకసారి నిలువుగా పూయండి. స్పిరిట్ చూస్తుండగానే ఆరిపోతుంది కాబట్టి చేయి ఆగకూడదు, ఆగిన చోట గీత పడుతుంది. పగటి వెలుగు లేని గదిలో, మామూలు బల్బు కింద చేయండి. ఆరిన కాగితాన్ని అట్టపెట్టెలో దాచి ఒకటి రెండు రోజుల్లో వాడేయండి.

ఎండ

పాత ఫొటో ఫ్రేము ఒకటి తీసుకొని అట్ట, పసుపు కాగితం, షీట్లు, అద్దం ఈ వరసలో పేర్చి, నాలుగు వైపులా క్లిప్పులు బిగించండి. షీటుకూ కాగితానికీ మధ్య ఖాళీ ఉంటే బొమ్మ అలుక్కుపోతుంది. కాగితంలో ఏమాత్రం తేమ ఉన్నా ఎండకు అద్దం లోపల చెమర్చి మచ్చలు పడతాయి.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో పది గంటలకు డాబా మీద పెడితే నాకు మూడు గంటల్లో బొమ్మ పడింది. డిసెంబరులో అదే బొమ్మకు రెండు పూర్తి పగళ్ళు పట్టాయి. గడియారాన్ని నమ్ముకోకుండా ఒక మూల క్లిప్పు తీసి, షీటు కొంచెం ఎత్తి చూడండి. వెలుగు తగిలిన చోటు లేత మీగడ రంగుకు వచ్చిందంటే చాలు. ఎత్తేటప్పుడు షీటు జరగకుండా రెండో చేత్తో అద్దాన్ని అదిమి పట్టుకోండి.

ఆ రోజు అత్తయ్య వచ్చింది. నీడలోకి రమ్మన్నా రాలేదు. ఫ్రేము పక్కనే పీట వేసుకొని, కాకులను తోలుతూ కూర్చుంది. ఉడకబెట్టిన కొమ్ములు ఆరబోసిన కళ్ళానికి కాపలా ఉన్నట్టే ఉంది. పది పదిహేను రోజులు అలా ఎండాలట. "ఎండ తక్కువైతే కొమ్ము లోపల పచ్చి ఉండిపోతుంది, తొందరపడి తీయకు" అని నాకు చెప్పింది. ఎండ సంగతి నాకన్నా ఆమెకే బాగా తెలుసు.

వెలిగారం

ఎండలోంచి తీసిన అచ్చు లేత పసుపు మీద ముదురు పసుపుగా, చూసీచూడనట్టు ఉంటుంది. అక్కడే ఆపేయవచ్చు. నేను ఆపలేదు.

గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో ఒక చెంచా వెలిగారం (బోరాక్స్) పొడి కరిగించి, పళ్ళెంలో పోయండి. వెలిగారం వనమూలికలు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది, బంగారు పని చేసేవాళ్ళ దగ్గర కూడా ఉంటుంది. క్యారంబోర్డు మీద చల్లే పౌడరు వేరు, దాన్ని తీసుకోకండి. వెలిగారం నోట్లోకి పోకూడదు కాబట్టి ఆ పళ్ళేన్ని మళ్ళీ వంటకు వాడకండి, పిల్లలను దూరంగా ఉంచండి.

కాగితాన్ని ఒక అంచు నుంచి జార్చుతూ ఒక్కసారి ముంచి, నాలుగైదు లెక్కపెట్టేలోగా తీసేయండి. ఎక్కువసేపు ఉంచితే రంగు నీళ్ళలోకి దిగిపోతుంది. వెంటనే మంచినీళ్ళలో జాడించి, నీడలో ఆరేయండి.

పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసిన ప్రతి ఇంటికీ ఇది తెలుసు. పసుపు కొమ్ములు, వెలిగారం, పటిక, నిమ్మరసంతో ఇళ్ళలో కుంకుమ చేసుకునే పద్ధతి కూడా ఉంది. నీళ్ళ కింద ఆ ముఖం అంచుల నుంచి లోపలికి ఎర్రబడుతూ వచ్చింది. మొదట కొంగు మడతలు, తర్వాత చికిలించిన కళ్ళ చుట్టూ నీడ, చివరికి చెంప మీది మడత గీత. పసుపుతో వేసిన మనిషి కుంకుమ రంగులో పైకి వచ్చింది. నేను ఏడ్చాను. అత్తయ్య ఏడవలేదు. చాలాసేపు చూసి, "చేతులు లేవేమే?" అంది.

ఫొటోలో లేనిదాన్ని ఏం చేయాలి

ఆమె అడిగింది సరైన ప్రశ్న. కార్డు ఫొటో భుజాల దగ్గర ఆగిపోతుంది. అత్తయ్యకు తల్లి అంటే ముఖం కన్నా ముందు చేతులే గుర్తు: కొమ్ముల వేళ్ళు గిల్లి గిల్లి అరిగిన గోళ్ళు, పసుపు ఉడికే ఆవిరికి కాలిన మణికట్టు.

లేనిదాన్ని కల్పించడానికి నాకు మనసొప్పలేదు. ఆ మర్నాడు అత్తయ్య చేతులనే ఫొటో తీశాను, పని నుంచి వచ్చి ఇంకా కడుక్కోకముందు. అదే పసుపుతో, అదే కొలత కాగితం మీద అచ్చు వేసి, ముఖం ఉన్న కాగితం కింద విడిగా పెట్టాను. రెండు కాగితాల మధ్య వేలెడంత ఖాళీ వదిలాను. చేతులు ఎవరివో కింద పెన్సిలుతో రాశాను: "ఈ చేతులు ఆమె కూతురివి." మీరూ ఇలా వేరొకరి ఒంటిని, వస్తువును, ఊరిని తెచ్చి జతచేసినప్పుడు అది ఎవరిదో రాసి తీరాలి. చూసేవాళ్ళను పొరపాటు పడనిస్తే మన ఇంటి జ్ఞాపకంలో మనమే కల్తీ చేసినట్టు.

వెలిగారంలో ముంచిన చేతుల అచ్చు కూడా ఎర్రబడింది. చేతుల అచ్చు ఇంకొకటి వేస్తే, దాన్ని మాత్రం ముంచవద్దని అత్తయ్య ఆపింది. పచ్చగానే ఉండాలంది. ఇప్పుడు ముఖం ఎరుపు, చేతులు పసుపు.

దాచుకోవడం

ఈ అచ్చును స్థిరపరిచే మందు లేదు. గోడకు తగిలిస్తే కొద్ది నెలల్లో మాయమవుతుంది. ఆరగానే ఒకసారి స్కాన్ చేసి పెట్టుకోండి. కాగితాన్ని నల్ల అట్టల మధ్య పెట్టి, తేమ తగలని చోట, బీరువా లోపల దాచండి. నలుగురికీ చూపించాలనుకుంటే దాని మీద చిన్న గుడ్డ తెర కట్టి, చూసేవాళ్ళు ఎత్తి చూసి మళ్ళీ దించేలా పెట్టండి. అద్దం మీద ఎండ నేరుగా పడకూడదు.

మేము ఏడాదికి ఒక్కసారి, నాయనమ్మ పోయిన రోజున బయటికి తీస్తాం. ఆ పూట ఇంట్లో అందరూ చూస్తారు, సాయంత్రానికి మళ్ళీ అట్టల్లోకి వెళ్ళిపోతుంది. మూడేళ్ళలో కళ్ళు బాగా పలచబడ్డాయి, కొంగు అంచు ఇంకా గట్టిగా ఉంది. మొన్న ఫాల్గుణంలో అత్తయ్య మళ్ళీ కొమ్ములు పంపింది, ఈసారి రెండు కిలోలు. వచ్చే రోహిణికి ఇంకో కాగితం పూసి పెట్టమంది. ఆ రోజు పనికి వెళ్ళనని, పొద్దున్నే వచ్చి డాబా మీద కూర్చుంటానని చెప్పింది.